పాత కంప్యూటర్‌లో కొత్త ఆట

ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకునే తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి ఒక సంగతి బాగా తెలుసు. భాష మారినా భావం చెడకూడదు. ఒక కంప్యూటర్ కోసం రాసిన ఆటను మరో రకం కంప్యూటర్‌లో ఆడేలా మార్చడం కూడా అటువంటి పనే. దీన్నే పోర్టింగ్ అంటారు.

పాత యంత్రానికి మార్చడం మరీ కష్టం. అక్కడ చోటు తక్కువ. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలోని బడులకు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్ వచ్చింది. దాని మెమరీ 32 కిలోబైట్లు. అందులో తెరమీది బొమ్మకే ఒక్కోసారి 20 కిలోబైట్లు పోయేవి. మిగిలిన దానిలోనే ఆటంతా సర్దుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 1989లో జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ యాపిల్ 2 కంప్యూటర్ కోసం ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆటను తయారుచేశారు. తమ్ముడు పరుగెత్తుతూ, దూకుతూ ఉంటే వీడియో తీసి, ఒక్కొక్క భంగిమనూ చూసి బొమ్మలు గీశారు. ఆ బొమ్మలతోనే మెమరీ నిండిపోయింది. కొత్త శత్రువుకు చోటు లేదు. అప్పుడు కథానాయకుడి బొమ్మలనే కాస్త మార్చి నీడమనిషిని సృష్టించారు. చూశారా, లేమిలోంచే ఆటకు మంచి పాత్ర పుట్టింది!

ఆ ఆట 2011లో కమోడోర్ 64కు వచ్చింది. అది 1982 నాటి యంత్రం. ఆండ్రియాస్ వర్గా అనే ప్రోగ్రామర్ ఈ పని చేశారు. రెండు యంత్రాల ప్రాసెసర్లు ఒకే కుటుంబానివి కాబట్టి ఆదేశాలు చాలావరకు పనికొచ్చాయి. కాని బొమ్మలు చూపే పద్ధతి వేరు. పైగా ఆటకు 128 కిలోబైట్లు కావాలి, ఇక్కడున్నవి 64. ఆ కొరత తీర్చడానికి కార్ట్రిడ్జ్‌ను వాడుకున్నారు.

ఇటువంటి పనిలో ఏది వదులుకోవాలి, ఏది వదులుకోకూడదు అన్నదే అసలు ప్రశ్న. రంగులు తగ్గినా ఫరవాలేదు, సంగీతం తగ్గినా ఫరవాలేదు. కాని మీట నొక్కిన తరువాత దూకడం ఆలస్యమైతే కథానాయకుడు గోతిలో పడతాడు. ఆటకు ప్రాణం అక్కడుంది.

కాబట్టి పిల్లలూ, మీ బడిలో ఉన్నది పాత కంప్యూటరేనని చిన్నబుచ్చుకోకండి. పాత యంత్రాల్లా నడిచే ఎమ్యులేటర్లు కూడా ఇప్పుడు ఉన్నాయి. మీరు రాసిన చిన్న ఆటను 32 కిలోబైట్లలో ఇమిడ్చి చూడండి. ఉన్నదానిలో సర్దుకుని పని సాధించడం మన పెద్దలకు తెలిసిన విద్యే. అది కంప్యూటర్‌కూ పనికొస్తుంది.