పాలబండి బ్యాటరీ మార్చే ముందు

(పాల సంఘాల కార్యదర్శుల, సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సభలో బ్యాటరీ ఊసు ఎందుకని కొందరికి తోచవచ్చు. తెల్లవారుజామున పితికిన పాలు క్యానులకెత్తి, బండి ఎక్కించి, తాళం తిప్పగా ఇంజను "టక్ టక్" మని ఊరుకున్న రోజున ఆ సంగతి బోధపడుతుంది. మన డెల్టా ఎండలకు పాలు ఎంతసేపు ఆగుతాయో మీకు మేము చెప్పనక్కరలేదు. శీతల కేంద్రంలో జనరేటరు బ్యాటరీ కూడా అటువంటిదే. 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన కోనసీమ తుపాను తరువాత కరెంటు లేని రోజులు పెద్దలకు జ్ఞాపకమే. పాలను 4 డిగ్రీల దగ్గర నిలిపేది జనరేటరు, దాన్ని లేపేది బ్యాటరీ. వారానికొకసారి జనరేటరును నడిపి చూడని సంఘానికి బ్యాటరీ చచ్చిన సంగతి తెలిసేది తుపాను నాడే.

బండి కదలకపోగానే కొత్త బ్యాటరీ కొనడం మనవాళ్లకు అలవాటైపోయింది. మేము చూచిన ఒక బండికి ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారు. తీరా చూస్తే ఆల్టర్నేటరు బెల్టు వదులుగా ఉన్నది. చార్జి ఎక్కనప్పుడు ఎంత మంచి బ్యాటరీ అయితే మాత్రం ఏం చేస్తుంది? కనుక ముందు చూడవలసినవి కొన్ని ఉన్నవి.

మొదట టెర్మినల్సు చూడండి. అమలాపురం, నరసాపురం వైపు ఉప్పుగాలికి తెల్లని, పచ్చని చిలుము త్వరగా పడుతుంది. నెగటివు తీగ ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేసలీను పలుచగా పూయాలి. సోడానీరు సెల్సులోకి పోరాదు. బిగించేటప్పుడు నెగటివు చివర. తరువాత వోల్టు మీటరు పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 అంటే సగం, 12కు దిగువైతే ఖాళీ. ఇంజను నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 వరకు రావాలి. రాకపోతే లోపం చార్జింగులో ఉన్నది. 15 దాటితే నీరు మరిగిపోతుంది, అదీ చేటే.

మూతలు తీసే బ్యాటరీకి ఇంకా మంచి పరీక్ష ఉన్నది. అది మీ చేతిలోని లాక్టోమీటరుకు తోబుట్టువు, పేరు హైడ్రోమీటరు. లాక్టోమీటరు 28 చూపితే పాల సాంద్రత 1.028 అని మీకు తెలుసు. నిండు బ్యాటరీ ద్రవం 1.250 నుంచి 1.280 దాకా చూపుతుంది, ఖాళీ అయినది 1.150కి దిగుతుంది. బ్యాటరీ వాడేకొద్దీ ఆమ్లం పలకలలోకి పోయి ద్రవం పలుచబడుతుంది. పూర్తిగా చార్జి చేసి ఆరు సెల్సూ చూడాలి. ఒక్క సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ చూపితే ఆ సెల్ పోయినట్లే, అప్పుడు కొత్తది కొనవలసిందే. వెన్న తీసి నీళ్లు కలిపిన పాలు లాక్టోమీటరును మోసగించినట్లు, ముసలి బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు వోల్టు మీటరును మోసగిస్తుంది. స్టార్టరు తిప్పుతుండగా 9.6 వోల్టుల కిందికి పడిపోతే దాని పని అయిపోయినట్లే.

ఇక్కడ ఒక ప్రమాదం చెప్పాలి. వెన్న శాతం చూసే గెర్బర్ పరీక్షకు వాడే ఆమ్లమూ, బ్యాటరీలోనిదీ గంధకికామ్లమే. అయితే పరీక్షది నూటికి 90 పాళ్లు చిక్కనిది, బ్యాటరీది 35 పాళ్లకు అటూ ఇటూ. పరీక్ష గదిలోని సీసా తెచ్చి బ్యాటరీలో పోయడం మహా ప్రమాదం; ద్రవం మరిగి ముఖాన చిమ్ముతుంది. నీరు తగ్గితే డిస్టిల్డు వాటరే పోయాలి. కాలువ నీరు, బోరు నీరు పనికిరావు. నీటి మట్టం చూడడానికి అగ్గిపుల్ల గీయరాదు, బీడీ అసలే వద్దు. లోపలినుంచి వచ్చే హైడ్రోజను వాయువు పేలుతుంది.

ఇక కొనే సంగతి. అన్ని కంపెనీలవీ దొరుకుతున్నవి, తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ సహా. మేము ఏ పేరునూ సిఫారసు చేయము. బండి పుస్తకంలో ఎన్ని ఆంపియర్ అవర్లు వ్రాశారో అంతే తీసుకోండి. టెర్మినల్సు ఎటువైపు ఉన్నవో చూసుకోండి, పెట్టెలో కదలక బిగుస్తుందో లేదో చూడండి. మన రోడ్ల కుదుపుకు వదులుగా ఉన్న బ్యాటరీ పలకలు రాలిపోతాయి. తయారీ తేదీ తప్పక అడగండి. నెలల తరబడి ఎండవేడికి దుకాణంలో పడి ఉన్నది కొత్తదైనా పాతదే. అక్కడే మీటరు పెట్టించండి, 12.4 కూడా లేకపోతే వద్దనండి. గ్యారంటీ నెలలలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు ధరలో కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారో విడివిడిగా అడగాలి. కిరాయి బండికి ఆ గడువు తక్కువ ఉండవచ్చు. కార్డుమీద బండి నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి.

పాత బ్యాటరీని దుకాణానికే ఇచ్చి, దాని విలువ బిల్లులో తగ్గించమనండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని ఇంటి చెత్తలో కలపరాదు. మా అసలు భయం మాత్రం పశువుల పాక గురించే. పగిలిన బ్యాటరీని పాక మూలన పడవేస్తే గేదెలు నాకుతాయి. సీసపు విషం పశువులకు ప్రాణాంతకం. చూపు పోవడం, పళ్లు కొరకడం, తలను గోడకు ఆనించి నెట్టడం, వణుకు దాని లక్షణాలు. దూడలకు మరీ ప్రమాదం. అటువంటివి కనబడితే నాటువైద్యంతో పొద్దుపుచ్చక పశువైద్యునికి కబురుపెట్టి, బ్యాటరీ నాకిన సంగతి మరువక చెప్పండి. సీసం పాలలోకి దిగుతుంది కనుక, ఆయన సరేననేదాకా ఆ మందలో ఏ పశువు పాలూ సంఘానికి పోయరాదు, ఇంట్లో పిల్లలకూ పట్టరాదు.