సగటు మాటున మనిషి

అసంఖ్యాకమైన వివరాలను ఒక్క అంకెలో చెప్పవలసి వచ్చినప్పుడు గణాంక శాస్త్రం సగటు, మధ్యగతం, బాహుళకం అనే మూడు కొలతలను ఆశ్రయిస్తుంది. మూడూ కేంద్ర స్థానాన్ని సూచించేవే. కాని అవి తెలిపే విషయం ఒకటి కాదు.

ఒక గ్రామంలో ఐదు రైతు కుటుంబాలకు వరుసగా 1, 1, 2, 3, 43 ఎకరాల భూమి ఉన్నదని భావించండి. మొత్తం 50 ఎకరాలను ఐదుతో భాగించగా సగటు 10 ఎకరాలు. అయితే 10 ఎకరాలు గల కుటుంబం ఆ గ్రామంలో ఒక్కటీ లేదు! నట్టనడుమ ఉన్న విలువ, అనగా మధ్యగతం, 2 ఎకరాలు. తరచుగా కనిపించే విలువ, అనగా బాహుళకం, 1 ఎకరం. సగటును మాత్రమే చూసి, ఈ గ్రామానికి సహాయం అక్కరలేదని నిర్ణయిస్తే అన్యాయమయ్యేవి నాలుగు కుటుంబాలు.

అంతమాత్రాన సగటు నిరుపయోగం కాదు. ఒక జిల్లాకు ఎంత ధాన్యం నిల్వ చేయాలో తేల్చడానికి తలసరి వినియోగమే ఆధారం. జాతీయాదాయాన్ని జనాభాతో భాగించగా వచ్చే తలసరి ఆదాయం కూడా సగటే. అది దేశ సంపద పరిమాణాన్ని తెలుపుతుందిగాని, పంపిణీ తీరును తెలుపదు.

1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ కృషి ఫలితంగా 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైంది. ఎంపిక చేసిన ఇళ్ళకు వెళ్ళి కుటుంబ వ్యయాన్ని నమోదు చేసే ఈ పద్ధతి వల్ల సగటుతోపాటు దాని వెనుకనున్న హెచ్చుతగ్గులూ లెక్కకు వచ్చాయి.

కావున సగటు ఎదురైనప్పుడెల్లా మధ్యగతం ఎంత అని విద్యార్థి అడగాలి. ఆ ప్రశ్నలోనే రెండెకరాల రైతుకు చోటు దొరుకుతుంది.