పలకమీద కనబడని చదువు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూడేళ్ళ బిడ్డకు ఏది తగిన చదువని శిశుతరగతి ఉపాధ్యాయినిని అడిగితే, ఆటపాటలేనని తడుముకోకుండా చెబుతారు. ఆ నమ్మకం నిజమైనదే. కాని కొంతసేపటికి ఆమే బిడ్డ పిడికిలిని తన చేతిలో బిగించి పలకమీద ‘అ’ దిద్దిస్తూ ఉంటారు. సాయంత్రం తల్లి వచ్చి చూసేది పలకనే కదా!

ఈ పాఠశాల తొలి విద్యార్థులు అయిదో ఏట అక్షరాభ్యాసం చేసుకొని వచ్చినవారు. అంతవరకు ఇంటి అరుగుమీద గుజ్జనగూళ్ళు ఆడుకొన్నారు. నేడు చెన్నపట్టణంలో ఆ అరుగులు అరుదు. ఆ రెండేళ్ళ బాల్యమూ బడి చేతికి వచ్చింది. బడి దానిని ఏమి చేస్తున్నదన్నదే ప్రశ్న.

ఈ నగరపు అడయారుకే 1939లో మరియా మాంటిస్సోరి వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. బోధన వయసుకూ, ఆ ఒక్క బిడ్డకూ తగియుండాలని 1987లో అమెరికాలోని జాతీయ శిశువిద్యా సంఘం ప్రకటించింది. 1997లో బిడ్డ పెరిగే కుటుంబ సంస్కృతిని, సమాజాన్ని కూడా అందులో చేర్చింది. తెలుగు బడికి ఇదే ముఖ్యం. వీధిలో తమిళం వినే బిడ్డ బొమ్మను చూసి ‘యానై’ అంటాడు. ‘తప్పు’ అంటే ఆ నోరు ఆ పూటకు మూసుకొంటుంది. ‘అవును, ఏనుగు, దాని తొండం చూశావా?’ అంటే రెండు మాటలూ వాడివే.

అక్షరానికి ముందు వేళ్ళకు పట్టు, కంటికీ చేతికీ పొందిక కావాలి. పూసలు గుచ్చడం, చింతపిక్కలు ఏరడం, మట్టి పిసకడం వాటినే ఇస్తాయి. బొమ్మరింట్లో నలుగురికి నాలుగు ఆకులు వేసిన పిల్ల లెక్క నేర్చింది. అప్పుడు ఉపాధ్యాయిని ఊరక కూర్చోరు. ఎవరు మాట్లాడలేదో, ఎవరు ఒంటరిగా ఉన్నారో గమనిస్తారు. సమయానికి ఒక ప్రశ్న వేస్తారు. దిద్దించడంకన్న ఇది కష్టమైన పని.

నమ్మకానికీ ఆచరణకూ నడుమ ఉన్న దూరానికి ఉపాధ్యాయినులనే నిందించడం న్యాయం కాదు. తరగతి నిశ్శబ్దంగా ఉంటేనే మెచ్చుకొనే ప్రధానోపాధ్యాయులకూ ఇందులో వాటా ఉంది. పక్కవీధి ఆంగ్లమాధ్యమ బడిలో పిల్లవాడు అప్పుడే వందవరకు వ్రాస్తున్నాడని పోల్చే తల్లిదండ్రులకూ ఉంది. పిల్లలు తగ్గిపోతారన్న భయంతో తెలుగు బడీ ఆ పరుగులో చేరింది.

వచ్చే జూన్ నుండి శిశుతరగతి తల్లిదండ్రులు వారానికొకరు చొప్పున ఒక పూట తరగతిలో కూర్చొని చూడవచ్చు. ఆ పూట పలకలు బీరువాలోనే ఉంటాయి.