నేలలోని మిత్రులు – మొక్కల ఆత్మరక్షణ



పుస్తకముల పండుగలో మట్టిమాట యేలయని కొందరు తలపవచ్చును. కాని ఈ గ్రంథాలయ పాఠకులలో హెచ్చుమంది సేద్యగాండ్రే కదా!

క్రిమి యనగానే మనకు చీడయో జాడ్యమో స్ఫురించును. మొక్క వేళ్లనంటి యుండు మట్టిపొరలో మేలుచేయు సూక్ష్మజీవులును అసంఖ్యాకముగా కలవు. వేరు స్రవించు చక్కెరలు మున్నగువాని కొరకు అవి అచ్చట గుమిగూడును. ఈ పొరకు 1904లో జర్మనీ శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్నర్ ‘రైజోస్ఫియర్’ అని పేరిడెను. మనము వేరుమండల మందము.

ఈ బాక్టీరియా తెగులు శిలీంధ్రముల తిండిని లాగుకొనియు, విషము చిమ్మియు వానిని నేలలోనే అడ్డగించును. ఇది పూర్వమే తెలిసిన సంగతి. 1991లో వేరొకటి బయటపడెను. హాలండులో కార్నేషన్ పూలమొక్కల వేళ్లకు సూడోమోనాస్ బాక్టీరియాను పట్టించి, వడలు తెగులు శిలీంధ్రమును కాండమునకు ఎక్కించిరి. బాక్టీరియా వేరును వీడి కాండములోనికి పోలేదు. రెండును ఎదురుపడనే లేదు. అయినను తెగులు తగ్గెను! ఆ యేడే అమెరికాలో దోసవిత్తులకు బాక్టీరియా పట్టించి నాటగా, ఆకులపై పక్షికన్ను తెగులు తగ్గెను. కావున అచ్చట పోరినది బాక్టీరియా కాదు, మొక్కయే.

బాక్టీరియా కశాభములోని మాంసకృత్తును, అది విడుచు కొన్ని పదార్థములను వేరు గుర్తించును. ఆ వార్త ఆకులదాక పోవును. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల దశకమున అరబిడాప్సిస్ అను ఆవజాతి చిన్నమొక్కపై పరీక్షించి, ఇందు జాస్మోనిక్ ఆమ్లము, ఇథిలీన్ ముఖ్యములని తేల్చిరి. ఇథిలీన్ మనకు క్రొత్తది కాదు. మామిడికాయను మాగించు వాయువదియే. ఒక ఆకున తెగులు సోకిన పిమ్మట తక్కిన ఆకులలో మేలుకొను రక్షణ వేరు. దానికి సాలిసిలిక్ ఆమ్లము ప్రధానము.

మొక్క ఆయుధములన్నియు ముందే తయారుచేసికొని కూర్చుండదు. అట్లు చేసినచో గింజకు పోవలసిన బలము అందే వ్యయమగును. కావలివాడు తెల్లవారులు కఱ్ఱ త్రిప్పుచు నిలువడు గదా, చేతికందునట్లు ఉంచుకొనును. మొక్కయు నంతే. శత్రువు తాకినంతనే త్వరగా, గట్టిగా ఎదిరించును.

ఇక పైకము సంగతి. అంగడిలో సూడోమోనాస్ పొడి దొరకుచున్నది. కిలో విత్తనమునకు 10 గ్రాములు పట్టించుట వాడుక. దీనిని అన్ని రోగములకు మందని అమ్మువారి మాటను నేనంగీకరింపను. ఆకు మాడిన పిమ్మట పోసినచో ధనము నేలపాలే. అది ప్రాణమున్న సరకు; ఎండలో పడియున్న సంచియు, గడువు దాటిన పొట్లమును కొనకుడు. బాక్టీరియాను చంపు మందులతో కలుపకుడు.

అన్ని నేలలను, అన్ని పైరులను ఒకే ఫలితము రాదు. బాక్టీరియా రకమును బట్టియు, మొక్కను బట్టియు మారును. అందుచేత ఊరంతయు ఒకేసారి కొనవలదు. ఒక మడి విత్తనమునకు పట్టించి, ప్రక్కమడిని విడిచి, రెండింట తెగులు సోకిన మొక్కలను లెక్కింపుడు. విత్తిన తేది, వాన పడిన దినములు, దిగుబడి వ్రాసి ఈ గ్రంథాలయమున నుంచుడు. పొట్లముపై వ్రాసిన మాటలకన్న ఆ కాగితమే వచ్చు ఏడు మీ పొరుగువానికి పనికివచ్చును.