గాజు గిన్నెలో ఒక ప్రాణం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనుమలు ముచ్చటపడి తెచ్చుకున్న చేప మనలో చాలామంది ఇళ్ళల్లో ఒక గాజు గిన్నెలో తిరుగుతూంటుంది. పిల్లలు బడికి, పెద్దలు ఉద్యోగాలకు పోగానే దాని పోషణ మన పద్దులో పడుతుంది. కనుక ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాను. నా దగ్గర ఇప్పుడున్నది రెండో ఫైటరు చేప. మొదటిది మూడేళ్ళు బ్రతికింది.

ఈ చేప థాయ్‌లాండ్ వరిపొలాల్లో, లోతులేని మడుగుల్లో ఉండే జాతి. ఆ దేశం 2019లో దీనిని జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొనే అవయవం దీనికి ఉంది గనుక గాలి పంపు లేకున్నా బ్రతకగలదు. అంతమాత్రాన చెంబెడు నీళ్ళు చాలవు. కనీసం 10 లీటర్లు ఉండాలి. దూకే అలవాటుంది గనుక గాలి ఆడే మూత పెట్టాలి. రెండు మగచేపలను కలిపి ఉంచితే కొట్టుకు చస్తాయి. ఇక గోల్డు ఫిష్ జానెడు పెరిగే చేప. దానికి గిన్నె పనికిరాదు.

గిన్నెలో మొక్క ఉంటే వేళ్ళు తిని బ్రతుకుతుందని అమ్మేవారు కొందరు చెబుతారు. అది నిజం కాదు. ఇది పురుగులను, దోమపిల్లలను తినే చేప. మొక్క చేసే ఉపకారం వేరు. చేప విసర్జనవల్ల నీటిలో అమోనియా అనే విషం చేరుతుంది. గులకరాళ్ళను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటును మొక్క ఎరువుగా తీసుకుంటుంది. హైడ్రిల్లా వేయవచ్చు, మనీప్లాంటు తీగను వేళ్ళు నీటిలో, ఆకులు బయట ఉండేట్లు పెట్టవచ్చు. అయితే నీటి పైభాగం సగమైనా ఖాళీగా ఉండాలి. కుళ్ళిన ఆకును వెంటనే తీసివేయాలి.

శుభ్రత పేరిట నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు సబ్బుతో కడిగితే ఆ సూక్ష్మజీవులు పోతాయి. వారానికొకసారి పావువంతు నీళ్ళు మార్చితే మంచిది. కుళాయి నీళ్ళయితే ఒక రోజు బకెట్టులో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ తగిలే కిటికీలో గిన్నె పెట్టరాదు.

మేత పూటకు రెండు మూడు గుళికలు మించరాదు. మిగిలిన మేత కుళ్ళి నీటిని చెరుపుతుంది. మనం పిల్లల దగ్గరకు వెళ్ళేటప్పుడు పొరుగువారికి డబ్బా ఇచ్చిపోతే, వారు జాలితో గుప్పెడు వేస్తారు. అందుచేత రోజుకొక పొట్లం కట్టి ఇవ్వండి. నెలల తరబడి వెళ్ళేవారు శ్రద్ధగా చూసేవారికి చేపను అప్పగించాలి. పుణ్యమని చెరువులో వదలకండి. పరదేశపు చేప అక్కడి చేపలకు చేటు.

మనం లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికొకసారి ఇస్తే చాలు. చేపది మాత్రం రోజూ చూడాలి. మేతకు పైకి వస్తున్నదా, రెక్కలు విప్పి ఈదుతున్నదా, ఒంటిపై తెల్ల మచ్చలున్నవా అని రెండు నిమిషాలు గమనించండి. పక్కన మనుమణ్ణి కూడా నిలబెట్టుకోండి. నోరులేని ప్రాణి అవసరం కనిపెట్టడం వాడికి అలవడుతుంది.