బొటనవేళ్ళు అరిగిపోకుండా మసాజ్: థాయ్, స్వీడిష్ కలిపి చేస్తే లాభం ఎవరికి?

మన సిక్కోలు, విజయనగరం వైపు నుంచి స్పాల్లో పనికి వెళ్ళిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, సాయంత్రానికి బొటనవేళ్ళు లాగేస్తున్నాయి. ఈ పని ఎన్నాళ్ళు చెయ్యగలం?" చేతులే మన పెట్టుబడి కదా. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

స్వీడిష్ అంటే బల్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం. పేరులో స్వీడన్ ఉంది గానీ, ఈ పట్లని ఒక వరసలో పెట్టింది డచ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్ (1838–1909) అంటారు. కస్టమర్‌కి హాయిగా ఉంటుంది. కానీ గట్టిగా నొక్కమన్నారంటే భారం మన వేళ్ళ మీద, మణికట్టు మీద పడుతుంది.

థాయ్‌లో నేల మీద పరుపు, ఒంటి మీద వదులు బట్టలు. నూనె ఉండదు. అరచెయ్యి, మోచెయ్యి, మోకాలు, పాదంతో నొక్కుతూ ఒళ్ళు సాగదీస్తారు. 2019లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనకి మరీ కొత్తేం కాదు. పొలం నుంచి వచ్చిన తాత మనవడి చేత నడుం తొక్కించుకోవడం మన ఊళ్ళలో చూసిందే. తేడా ఏంటంటే, థాయ్‌లో ఎక్కడ ఎంత బరువు వెయ్యాలో నేర్పిస్తారు. వెన్నుపూస మీద నేరుగా నొక్కరు.

మరి రెండూ ఎలా కలపాలి? ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ బరువు ఒక్క చేతుల బలంతో లేవదు, కాళ్ళూ నడుమూ లేపాలి. మన పనికీ అదే సూత్రం.

తొడ వెనక భాగమే తీసుకోండి. ముందు నూనెతో మూడు నాలుగు నిమిషాలు నిమిరి కండని వెచ్చబెట్టండి. తర్వాత జారకుండా నూనె తుడిచి, టవల్ కప్పండి. చెయ్యి నిటారుగా పెట్టి, మీ ఒంటి బరువుని మెల్లగా అరచేతి మీదకి వాల్చండి. చివర్లో కస్టమర్‌ని వెల్లకిలా తిప్పి, ఊపిరి వదిలేటప్పుడు కాలు పైకి సాగదీయండి. "చాలు" అన్న చోట ఆగిపోవాలి. ఇలా చేస్తే వాళ్ళకి పట్టేసిన కాలు వదులవుతుంది, మీ బొటనవేలికి రెస్ట్ దొరుకుతుంది.

పోలీసు, ఆర్మీ రన్నింగ్ ప్రాక్టీసు చేసే తమ్ముళ్ళకి ఒక మాట. మసాజ్‌తో లాక్టిక్ యాసిడ్ బయటికి పోతుందంటే నమ్మకండి. పరుగు ఆపాక గంటా గంటన్నరలో అది దానంతట అదే తగ్గిపోతుంది. మసాజ్ వల్ల నొప్పి కొంచెం తగ్గుతుంది, ఒళ్ళు కొంచెం వంగుతుంది. వేగం మాత్రం ప్రాక్టీసుతోనే వస్తుంది.

ఆఖరిగా, జ్వరం, చర్మవ్యాధి, ఎముకల బలహీనత ఉంటే, లేదా ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉంటే చెయ్యి వెయ్యకండి. పిక్కలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ముందు డాక్టర్ దగ్గరకి పంపండి. ఒక కస్టమర్ డబ్బులు పోయినా పర్లేదు, మనిషి ప్రాణం ముఖ్యం. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.