తీగ ఎంతవరకు సాగవలెను?

(అర్ధవీడులో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కంభం చెరువు మీకు పొరుగుననే యున్నది. విజయనగర ప్రభువుల కాలమున గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన ఆ తటాకమును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడముగా గుర్తించినది. చెరువు త్రవ్వించిన వారందరికి ఎదురైన ప్రశ్న ఒకటి గలదు. కాలువను ఎంతదూరము కొనిపోవలెను? చివరి మడికి నీరందని కాలువ కాగితము మీద ఆయకట్టును పెంచునే గాని గాదెలో గింజలను పెంచదు. ఈ సంగతి మీకు ఒకరు చెప్పవలసినది కాదు.

నేడు మేము ముచ్చటింపదలచినది నీటికాలువను గురించి కాదు. సమాచారమును మోయు గాజుతీగను గురించి. అయినను ప్రశ్న అదియే.

ముందుగా ఇంటర్నెట్టు ఎక్స్ఛేంజి అనగా ఏమో తెలిసికొందము. వారపు సంతను తలచుకొనుడు. పది గ్రామముల వారు తమ సరుకుతో ఒకచోట చేరుదురు. ఒకరిది ఒకరు మార్చుకొని ఇండ్లకు పోవుదురు. సంతయే లేకున్న అర్ధవీడు రైతు తన మిరపకాయలను పొరుగూరి వర్తకునికి అమ్ముటకు మద్రాసు పోయి రావలసివచ్చెడిది. ఇంటర్నెట్టు కంపెనీలకు అట్టి సంతయే ఎక్స్ఛేంజి. కంపెనీలన్నియు తమ తీగలను ఒక భవనమునకు చేర్చి, తమ ఖాతాదారుల సమాచారమును అక్కడ నేరుగా మార్చుకొనును.

మన దేశమున చాలకాలము అట్టి సంత లేకుండెను. ఒకే నగరమున నున్న ఇద్దరు వేర్వేరు కంపెనీల ఖాతాదారులైనచో, వారి ఉత్తరము విదేశములకు పోయి తిరిగివచ్చిన సందర్భములు కలవు. దానికి కాలమును, విదేశ మారకద్రవ్యమును గూడ ఖర్చయ్యెడిది. ఈ లోపమును తొలగించుటకే 2003 జూన్‌లో భారత జాతీయ ఇంటర్నెట్టు ఎక్స్ఛేంజి, అనగా నిక్సి, ఏర్పడినది. తొలుత ఢిల్లీ దాపున నోయిడాలోను, ముంబాయి, చెన్నై, కలకత్తా నగరములలోను, తరువాత హైదరాబాదు మున్నగు చోట్లను దాని కేంద్రములు వెలసినవి.

సంత బాగుగా సాగిన కొలది దూరపు వర్తకులు గూడ చేరగోరుదురు. తాము రాలేనివారు ఏజెంటును పెట్టుదురు. ఎక్స్ఛేంజీలలోను అట్లే జరుగుచున్నది. ఆమ్‌స్టర్‌డాం, ఫ్రాంక్‌ఫర్టు, లండను నగరముల పెద్ద ఎక్స్ఛేంజీలు మధ్యవర్తి సంస్థల తీగల ద్వారా దూరదేశముల కంపెనీలను సభ్యులుగా చేర్చుకొనుచున్నవి. ఇది దూరపు సంబంధము. దీని వలన చిన్న కంపెనీకి తక్కువ ఖర్చుతో పెద్ద సంతలో చోటు దొరకును. ఆ మేలును కాదనరాదు.

అయితే దూరము దూరమే. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. 100 కిలోమీటర్లు పోయి తిరిగివచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు చాలును. చెన్నై నుండి సింగపూరుకు 2002లో వేసిన సముద్రపు కేబులు పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. దానిలో పోయి వచ్చుటకు అట్టి 32 వంతులు కావలెను. ఇది రెప్పపాటు కంటె తక్కువయే. కాని తెరమీద ఒక్క పుట తెరచుకొనుటకు అట్టి రాకపోకలు అనేకములు జరుగును. హైదరాబాదు కంపెనీ ఒకటి చెన్నై సంతలో మాత్రమే ఏజెంటును పెట్టినచో, హైదరాబాదులోని ఇరుగుపొరుగుల మాట చెన్నై దాక పోయి మరల హైదరాబాదుకే రావలసియుండును. సభ్యుల పట్టికలో మాత్రము ఆ కంపెనీ చెన్నైలోనే యున్నట్లు కన్పించును.

ఇంకొక చిక్కు గలదు. సంత విస్తరించిన కొలది అక్కడి పొరపాటు గూడ దూరము పోవును. 2015 మే 13న ఆమ్‌స్టర్‌డాం ఎక్స్ఛేంజిలో మరమ్మతు చేయుచుండగా జరిగిన ఒక తప్పిదమునకు కొన్ని నిమిషముల పాటు రాకపోకలు స్తంభించినవి. ఆ నగరమునే నమ్ముకొన్న దూరపు సభ్యులకు గూడ ఆ బాధ తప్పలేదు.

కావున ఎక్స్ఛేంజి హద్దులను నిర్ణయించువారు రెండు నియమములు పాటించుట మేలని మా అభిప్రాయము. దూరపు సభ్యుని దూరపు సభ్యుడనియే స్పష్టముగా వ్రాయవలెను. అతడు అలిసిపోయినను, తెగిపోయినను దగ్గరివారి పని ఆగకుండునట్లు ఏర్పాటుండవలెను.

సభ్యులారా, ఇదంతయు నగరముల సంగతి, మనకేల అని మీరు అడుగవచ్చును. నగరమున ఎక్స్ఛేంజికి ఎదురైన ప్రశ్నయే మండల కేంద్రము నుండి గ్రామమునకు, గ్రామము నుండి గూడెమునకు తీగ వేయునపుడు మీకును ఎదురగును.

మన రాష్ట్రమున ఫైబర్ గ్రిడ్డును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు జాతికి అంకితము చేసిరి. నేల త్రవ్వకుండ విద్యుత్ స్తంభముల మీదుగనే వేల కిలోమీటర్ల తీగను లాగుట దాని విశేషము. అందుచే పని త్వరగా సాగినది, ఖర్చు తగ్గినది. కాని స్తంభము మీది తీగకు గాలివానయు, చెట్టుకొమ్మయు, ఎత్తుగా గడ్డి వేసికొని పోవు లారీయు శత్రువులే. ఒక గ్రామమున తెగి వ్రేలాడు తీగను గుంజకు చుట్టి దాని మీద బట్టలు ఆరవేసికొనుట మేము కన్నులార చూచితిమి. ఆ గ్రామము లెక్కలలో మాత్రము కలుపబడిన గ్రామమే!

2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పథకము నేడు భారత్ నెట్ అను పేర నడుచుచున్నది. మొదట చాలచోట్ల తీగ ఒక పంచాయతీ నుండి మరొక పంచాయతీకి వరుసగా పోయెడిది. నడుమ ఒకచోట తెగినచో అవతలి వారందరు మూగవోవుదురు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరణ పథకమున తీగను వలయాకారముగా వేయవలెనని నిర్ణయించిరి. ఒకవైపు తెగినను రెండవవైపు నుండి మార్గముండును. పదేండ్ల నిర్వహణను గూడ అందు చేర్చిరి. పంచాయతీ కేంద్రములు కాని గ్రామములకు, కోరినచో సంబంధము కల్పింతురు. ఈ 'కోరినచో' అను మాటను మీరు గుర్తుంచుకొనవలెను. కోరవలసినవారు మీరే.

ఇందు పణముగా నున్నది వినోదము కాదు. చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర వేయుటకు సంబంధము కావలెను. 2019 అక్టోబరు 2 నుండి నడుచుచున్న గ్రామ సచివాలయములలో ధ్రువపత్రమునకు అది కావలెను. తీగ పలుకని దినమున కూలికి పోవలసిన అవ్వ ఆ పూట పని మానుకొని, బియ్యము లేకయే తిరిగిపోవును. ఆమె పోగొట్టుకొన్న కూలి ఏ లెక్కలోను చేరదు.

కాబట్టి తీర్మానము చేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. ఈ తీగ తెగినచో బాగుచేయువారెవరు, ఎన్ని గంటలలో వత్తురు? తెగినపుడు వేరొక దారి కలదా? తీగ చివర దాని నుపయోగించు బడియో, అంగన్‌వాడీయో, ఆరోగ్య ఉపకేంద్రమో కలదా? ఈ మూడింటికి సమాధానము వ్రాతమూలకముగా తీసికొనుడు.

నల్లమల అంచున నున్న చెంచు గూడెములను దూరమని విడిచిపెట్టవలెనా యని మీలో కొందరికి తోచవచ్చును. అట్లు కాదు. మండల కేంద్రమునకు దగ్గరివాడు నడచియైన పోగలడు. గూడెపు బిడ్డకే సంబంధము ఎక్కువ అవసరము. అయితే అడవిలో నిలువని తీగను లాగి చేతులు దులుపుకొనుట వారికి మేలు కాదు. తీగ నిలువని చోట టవరు మేలు కావచ్చును. సంకేతము లేని 24,680 గ్రామములకు 4జి సౌకర్యము కల్పించుటకు 2022 జూలైలో కేంద్రము 26,316 కోట్లు ఆమోదించినది. మీ గూడెము పేరు అట్టి జాబితాలలో నున్నదో లేదో విచారించుడు. లేనిచో గ్రామసభలో తీర్మానించి పంపుడు.

దూరమను కారణమున ఎవరిని విడువరాదు. నిర్వహణ లేకుండ ఎవరిని కలిపితిమని చెప్పుకొనరాదు. నీరు పారిన మేరయే ఆయకట్టు. మాట పలికిన మేరయే సంబంధము. రాబోవు గ్రామసభలో చివరి ఇంటి వారిని ముందు కూర్చుండబెట్టి ఈ విషయమును చర్చింపుడని మా మనవి.